పెద్దల్లో రాసుకున్న విడాకుల కాగితం చెల్లుతుందా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. నా వయసు 29. 2017లో పాలకొల్లు వైపు సంబంధం చేశారు. ఆరేళ్ళ పాప ఉంది. పెళ్ళిలో పెట్టిన బంగారం కాక, పసుపు కుంకుమ కింద మా నాన్న అరెకరం కొబ్బరి తోట ఇచ్చారు. నోటిమాటే, రిజిస్ట్రేషన్ లేదు. కౌలు డబ్బులు ఇప్పటికీ మా మావయ్యగారే తీసుకుంటున్నారు. మాకు పొసగక, మూడేళ్ళ కిందట రెండువైపుల పెద్దలూ కూర్చుని వంద రూపాయల స్టాంపు కాగితం మీద విడాకులు రాయించారు. నోటరీ కూడా చేయించారు. బంగారం తిరిగి ఇచ్చేశారు, 3 లక్షల రూపాయలు ఇచ్చారు. పాప నా దగ్గరే ఉంటోంది. ఆయన కువైట్ వెళ్ళిపోయారు. ఈ సంక్రాంతికి వస్తున్నారని, మళ్ళీ పెళ్ళి చేసుకుంటారని విన్నాం. నాకూ ఒక సంబంధం వచ్చింది. వాళ్ళు "కోర్టు డిక్రీ ఉందా?" అని అడిగారు. మా కాగితం చెల్లదా? కోర్టుకెళ్తే తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చెయ్యాలా? తోట సంగతేంటి? పెద్దల మాట కాదన్నట్టు అవుతుందని నాన్న వద్దంటున్నారు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. కాగితం జిరాక్సు పంపుతున్నాను.
ఒక సోదరి, కోనసీమ

సమాధానం:

అమ్మా, మీరు పంపిన జిరాక్సు మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి కాబట్టి ముందు అసలు జవాబు చెప్పేస్తాను. ఆ కాగితంతో మీ పెళ్ళి రద్దు కాలేదు. చట్టం దృష్టిలో మీరిద్దరూ ఇవాళ్టికీ భార్యాభర్తలే. డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే విడాకుల తీర్పు, చేతికి రాకుండా మీరు పెళ్ళి చేసుకోకూడదు, ఆయనా చేసుకోకూడదు. అలాగని ఆ కాగితాన్ని చించి పారెయ్యాల్సిన పని లేదు. రెండు కుటుంబాలూ కూర్చుని ఒప్పుకున్న విషయాలు అందులో ఉన్నాయి. వాటిని కోర్టు ముందు పెట్టి డిక్రీ తెచ్చుకోవచ్చు, అదీ మీరు భయపడుతున్నంత కష్టమేమీ కాదు. కాకపోతే పాప గురించి, మీ భరణం గురించి, తోట గురించి రాసిన మూడు వాక్యాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు కోర్టుకు వెళ్ళకూడదు. అవి మీకు, మరీ ముఖ్యంగా పాపకు, నష్టం చేసేలా ఉన్నాయి.

మీ పెళ్ళికి 1955 నాటి హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం విడాకులు ఇవ్వాల్సింది కోర్టే. స్టాంపు కాగితం వందదైనా వెయ్యిదైనా తేడా లేదు. నోటరీ ముద్ర పడగానే అది సర్కారువారు ఒప్పుకున్న కాగితం అనుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. సంతకం పెట్టింది ఫలానా మనిషేనా కాదా అన్నదాని వరకే నోటరీ పని. లోపల రాసినదానికి నోటరీ ముద్రతో కొత్త బలం రాదు.

ఒక్క మినహాయింపు ఉంది. ఆ చట్టంలోనే 29వ సెక్షన్, కులాచారం ప్రకారం తీసుకున్న విడాకులను కాపాడింది. కానీ ఆ ఆచారం తమ కులంలో తరతరాలుగా నడుస్తోందని, దాని ప్రకారమే తమ విడాకులు జరిగాయని, చెప్పుకున్నవాళ్ళే సాక్ష్యాలతో రుజువు చెయ్యాలి. సుప్రీంకోర్టు ఈ మాట ఒకటికి రెండుసార్లు స్పష్టంగా చెప్పింది. "మా ఊళ్ళో అందరూ ఇలాగే రాసుకుంటారండి" అంటే సరిపోదు. మీ కాగితంలో ఆచారం అన్న మాటే ఎక్కడా లేదు. అందుకని ఆ దారి మీకు పనికిరాదు.

డిక్రీ లేకుండా పెళ్ళి చేసుకుంటే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. ఆ రెండో పెళ్ళి మొదటి నుంచీ చెల్లని పెళ్ళి. పైగా అది నేరం. పాత శిక్షాస్మృతిలో 494గా ఉన్న సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 82గా ఉంది. ఏడేళ్ళ దాకా జైలుశిక్ష పడొచ్చు. ఇద్దరూ ఇష్టపడే విడిపోయామన్నది అక్కడ అక్కరకు రాదు. ఇవాళ ఎవరూ ఏమీ అనకపోవచ్చు. రేపు ఆస్తి తగాదా వచ్చినప్పుడో, ఉద్యోగం తాలూకు పింఛనుకు నామినీ పేరు చూసినప్పుడో ఎవరో ఒకరు ఈ సంగతి పైకి తీస్తారు. అప్పటికి మీకు ఇంకో బిడ్డ కూడా ఉండొచ్చు. అలా పుట్టిన పిల్లలకు చట్టం రక్షణ ఇచ్చింది కానీ, భార్యగా మీకు దక్కాల్సిన హక్కులు మాత్రం ఎటూ కాకుండా పోతాయి. అందుకే, డిక్రీ అడిగిన ఆ పెళ్ళివారిని తప్పు పట్టకండి. సరైన ప్రశ్నే అడిగారు.

ఇక దారి ఏమిటో చెబుతాను. ఆ చట్టంలో 13బి అనే సెక్షన్ ఉంది. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకోవడానికి 1976లో దాన్ని చేర్చారు. కనీసం ఏడాదిగా విడిగా ఉండి, ఇక కలిసి బతకలేమని ఇద్దరూ అనుకుంటే, ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వెయ్యొచ్చు. ఎవరి మీదా నింద వెయ్యక్కర్లేదు, తప్పు ఎవరిదో తేల్చక్కర్లేదు. మీరు విడిగా ఉంటూ మూడేళ్ళయింది కాబట్టి ఏడాది షరతు ఎప్పుడో తీరిపోయింది. పిటిషన్ వేసిన ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల లోపు, ఇద్దరూ మళ్ళీ కోర్టుకు వెళ్ళి "మా నిర్ణయం మారలేదు" అని చెప్పాలి. అప్పుడు డిక్రీ ఇస్తారు. ఆ ఆరు నెలలూ తప్పనిసరిగా ఆగాలా అంటే, అక్కర్లేదని 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అమర్‌దీప్ సింగ్ కేసులో చెప్పింది. విడిగా ఉండి అప్పటికే ఏడాదిన్నర దాటి, రాజీ ప్రయత్నాలు అయిపోయి, పిల్లల సంగతి, భరణం సంగతి తేలిపోయి ఉంటే జడ్జిగారు ఆ గడువును మాఫీ చెయ్యొచ్చు. మొదటి పిటిషన్ వేసిన వారం తర్వాత అందుకు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. మీ కేసు ఇందుకు సరిగ్గా సరిపోతుంది. మాఫీ చెయ్యడం, చెయ్యకపోవడం జడ్జిగారి ఇష్టం కాబట్టి తేదీ మాత్రం నేను చెప్పలేను. పెళ్ళివారికి మీరు కూడా తేదీ చెప్పకండి. డిక్రీ వచ్చి, అప్పీలు గడువు దాటి, సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చాకే ముహూర్తం పెట్టించుకోండి.

ఎక్కడ వెయ్యాలన్న బెంగ కూడా వద్దు. ఒకప్పుడు పెళ్ళి జరిగిన చోటో, చివరగా కాపురం ఉన్న చోటో, భర్త ఉండే చోటో వెయ్యాల్సి వచ్చేది. 2003లో చట్టాన్ని సవరించి, భార్య పిటిషనర్ అయితే తాను ప్రస్తుతం ఉంటున్న చోటే వేసుకునే వీలు కల్పించారు. కాబట్టి చించినాడ వంతెన దాటి అవతలి కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు. మీకు అమలాపురమే సరిపోతుంది.

కోర్టంటే బోనెక్కించి అవతలి లాయరు అడ్డమైన ప్రశ్నలూ వేస్తాడని ఆడపిల్లలు హడలిపోతారు. పరస్పర అంగీకారం కేసులో అదేమీ ఉండదు. మీ ప్రమాణ పత్రం తీసుకుంటారు. జడ్జిగారు సామాన్యంగా అడిగేవి ఇలా ఉంటాయి: మీ ఇష్టంతోనే వచ్చారా? ఎవరైనా బలవంతపెట్టారా? కలిసి ఉండే అవకాశం ఏమన్నా ఉందా? పాప ఎవరి దగ్గర ఉంటుంది? డబ్బు ముట్టిందా, ఇంకేమైనా రావాలా? తెలుగులోనే, మీ మాటల్లోనే చెప్పొచ్చు. చెప్పింది రాసుకుని సంతకం పెట్టిస్తారు. కౌన్సెలింగ్‌కో, మధ్యవర్తి దగ్గరికో పంపితే అది కూడా ఆ పద్ధతిలో భాగమేనని అనుకోండి. మీ మీద అనుమానంతో చేసే పని కాదది. డబ్బు ముట్టిందా అన్న ప్రశ్నకు మాత్రం ఆచితూచి జవాబు చెప్పండి. ముట్టనిది ముట్టిందని మొహమాటానికి చెప్పారో, తర్వాత ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇప్పుడు మీ కాగితంలోని ఆ మూడు వాక్యాల దగ్గరికి వద్దాం.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది అయిదో పేరా. అందులో ఇలా ఉంది: "సదరు కుమార్తె తల్లి వద్దనే ఉండును. సదరు కుమార్తెకు తండ్రితో గానీ, తండ్రి ఆస్తితో గానీ ఇకమీదట ఎట్టి సంబంధమును లేదు." రాసినవాళ్ళు బహుశా మీకు మేలు చేస్తున్నామనే అనుకుని ఉంటారు. రేపు పాపను లాక్కుపోతానని ఆయన రాకుండా ముగింపు పలికామనుకున్నారేమో. కానీ మూడేళ్ళ పిల్ల హక్కును రాసిచ్చే అధికారం తల్లికీ లేదు, తండ్రికీ లేదు, పెద్దలకూ లేదు. మీరు విడాకులు తీసుకోవచ్చు, పాపకు తండ్రితో విడాకులు ఉండవు. పాపను పోషించాల్సిన బాధ్యత 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం ప్రకారం ఆయన మీద ఉంది. మీరు మళ్ళీ పెళ్ళి చేసుకున్నా ఆ బాధ్యత పోదు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుని ఇంకో ఇద్దరిని కన్నా పోదు. ఆయనది ఉమ్మడి ఆస్తి అయితే 2005 సవరణ వల్ల అందులో పాపకు పుట్టుకతోనే వాటా ఉంది. ఆయన సొంత ఆస్తిలో కూడా, వీలునామా రాయకుండా పోతే, పాప మొదటి వరస వారసురాలే. మీ అయిదో పేరా వీటిలో దేన్నీ తీసెయ్యలేదు. ఊరికే ఒక పిల్ల మనసును మాత్రం గాయపరుస్తుంది. పెద్దయ్యాక ఆ కాగితం పాప కంట పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

కోర్టులో వేసే ఒప్పందంలో ఆ పేరా స్థానంలో ఏం ఉండాలంటే: పాప సంరక్షణ తల్లిది. పాప ఖర్చులకు తండ్రి నెలనెలా ఇంత, ఫలానా బ్యాంకు ఖాతాలో, ఫలానా తేదీలోపు వేస్తాడు. ఏటా ఇంత చొప్పున పెరుగుతుంది. స్కూలు ఫీజు, ఆసుపత్రి ఖర్చు ఎవరిది ఎంత. నెలనెలా వస్తుందన్న నమ్మకం లేకపోతే, పాప పేర ఒకేసారి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించి, 18 ఏళ్ళు నిండేదాకా కోర్టు అనుమతి లేకుండా తియ్యకుండా రాయించుకోవచ్చు. గల్ఫ్‌లో ఉండే తండ్రుల విషయంలో నాకు ఈ రెండోదే మేలనిపిస్తుంది. వీసా పోయిందనో, కంపెనీ మారాననో ఆరో నెలకే డబ్బు ఆగిపోతే, దాన్ని రాబట్టడానికి మళ్ళీ ఒక కేసు కావాలి.

పాపను చూసే హక్కు ఆయనకు ఇవ్వండి. వారానికొకసారి వీడియో కాల్, సెలవుకు వచ్చినప్పుడు కొన్ని రోజులు పగటిపూట కలవడం, ఇలా రాయించండి. మీ మనసు ఒప్పుకోకపోవచ్చు, ఆయన మీద కోపం ఉండి ఉంటుంది. కోర్టు మాత్రం పాప క్షేమం ఒక్కటే చూస్తుంది, తండ్రిని పూర్తిగా దూరం పెట్టే ఒప్పందాన్ని ఇష్టపడదు. పిల్లల సంరక్షణ మీద ఇచ్చే ఏ ఉత్తర్వూ శాశ్వతం కాదు. పరిస్థితి మారితే మీరైనా, ఆయనైనా మళ్ళీ అడగొచ్చు. ఇంకొక్క మాట. మీరు మళ్ళీ పెళ్ళి చేసుకున్నంత మాత్రాన ఆ కొత్త ఆయన పాపకు చట్టపరంగా తండ్రి అయిపోరు. స్కూల్లో, ఆధార్‌లో తొందరపడి తండ్రి పేరు మార్పించకండి.

రెండోది మీ భరణం. కాగితంలో "ఇరువురమూ పరస్పర అంగీకారముతో విడిగా నివసించుచున్నాము, భరణము అడగను" అని ఉంది. చూడ్డానికి మామూలు మాటలే. కానీ భరణం ఇప్పించే సెక్షన్‌లో, అంటే మొన్నటిదాకా పాత నేర విచారణ స్మృతిలో 125గా ఉండి 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144గా మారినదానిలో, భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటే భార్యకు భరణం రాదని రాసి ఉంది. అంటే ఇవాళ మీకు జబ్బు చేసో, ఇంకేదైనా కష్టం వచ్చో భరణానికి వెళ్తే, అవతలివాళ్ళు మొదట తీసి చూపించేది ఈ కాగితమే. కోర్టు ద్వారా పరస్పర అంగీకారంతో విడాకులు పొందిన స్త్రీకి ఈ అడ్డంకి వర్తించదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. డిక్రీ లేని విడిపోవడం వల్ల ఎంత నష్టమో దీన్నిబట్టి చూడండి. భార్య అన్న హోదా పోలేదు, కానీ భార్యగా అడగాల్సింది అడిగే దారి మాత్రం ఇరుకైపోయింది.

ఇక "భరణం అడగను" అన్న మాట. కొంత డబ్బు ఇచ్చి, జీవితాంతం భరణం అడగనని రాయించుకున్న ఒప్పందం ప్రజాప్రయోజనానికి విరుద్ధమని, అది భార్య హక్కును అడ్డుకోలేదని 2013లో కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి సంతకం పెట్టేశానే అని కుమిలిపోకండి. కానీ విడాకుల కేసులోనే శాశ్వత భరణం ఇంత అని తేల్చుకుని, ఇక అడగనని జడ్జిగారి ముందు ఒప్పుకుంటే, ఆ మాట నిలబడే అవకాశం చాలా ఎక్కువ. అందుకని అక్కడ సంతకం పెట్టేముందే లెక్క చూసుకోవాలి. మీరు తీసుకున్న 3 లక్షలు తిరిగి ఇవ్వక్కర్లేదు. అది శాశ్వత భరణంలో ముట్టిన భాగంగా ఒప్పందంలో రాస్తారు. మీరు మళ్ళీ పెళ్ళి ఆలోచనలో ఉన్నారు కాబట్టి నా సలహా అడిగితే, మీ నెలవారీ భరణం కోసం గట్టిగా పట్టుపట్టకండి. పెళ్ళితో అది ఎలాగూ ఆగిపోతుంది. ఆ పట్టుదల అంతా పాప డిపాజిట్ మీద పెట్టండి. ఆయన సంపాదన ఎంతో తెలియదంటారేమో. భరణం అడిగిన కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణ పత్రంలో చూపించాలని 2020లో రజ్నీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు నియమం పెట్టింది. కువైట్ జీతం దాచడం అంత తేలిక కాదు. ఊళ్ళో ఖాతాకు వచ్చిన డబ్బే చెబుతుంది.

మూడోది తోట. ఇక్కడ మీ నాన్నగారికి మంచి కబురు చెప్పాలి. మన గోదావరి జిల్లాల్లో పసుపు కుంకుమ కింద ఆడపిల్లకు పొలమో, తోటో ఇవ్వడం మర్యాద. "ఇచ్చాం" అని పెళ్ళిపందిట్లో చెప్పేస్తారు, కాగితం ఉండదు. బంగారం అలా ఇస్తే చెల్లుతుంది, చేతికి అందితే చాలు. భూమికి అలా కుదరదు. ఆస్తి బదలాయింపు చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే ఇద్దరు సాక్షులతో రాసి రిజిస్టర్ చెయ్యాలి. రిజిస్ట్రేషన్ జరగలేదు, పాసుపుస్తకం ఇంకా నాన్నగారి పేరునే ఉందంటే తోట ఆయనదే. "తోట భర్త కుటుంబమునకే చెందును" అని స్టాంపు కాగితంలో రాసి, దాని కింద నాన్నగారు సాక్షిగా సంతకం పెట్టినంత మాత్రాన హక్కు మారిపోదు. ఒకవేళ పెళ్ళిలో మాకే ఇచ్చారని మావయ్యగారు వాదించినా, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్, అలా తీసుకున్న ఏ ఆస్తినైనా ఆ అమ్మాయికే అప్పగించాలంటోంది.

కాకపోతే చూస్తూ కూర్చోకూడదు. ఏళ్ళ తరబడి ఒకరి అనుభవంలో వదిలేసిన భూమి మీద కొత్త వాదనలు పుట్టుకొస్తాయి. ముందు మీసేవలో భూమి రికార్డులైన అడంగల్, 1బి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ తీసి చూడండి. ఎవరి పేరు ఎక్కి ఉందో తెలుస్తుంది. తర్వాత, వచ్చే కొబ్బరికాయల దింపు నుంచి కౌలు నాన్నగారికే కట్టాలని కౌలుదారుకు రాతపూర్వకంగా చెప్పించండి. కౌలుదారు పాపం ఏమీ ఎరగని మనిషి, ఆయనతో గొడవ పెట్టుకోవద్దు. నాన్నగారికి ఆ తోట మీకే ఇవ్వాలనుంటే మీ పేర సెటిల్‌మెంట్ దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించమనండి. కూతురికి రాసేదానికి బయటివాళ్ళకు రాసేదానికంటే స్టాంపు డ్యూటీ తక్కువ పడుతుంది. అరెకరం కొబ్బరి తోట మీ పేరున ఉంటే రేపు అత్తారింట్లో మీకూ, పాపకూ ఎంత ధైర్యమో మీకే తెలుసు.

నాన్నగారి అభ్యంతరం గురించి రెండు మాటలు. వీలైతే ఇది ఆయనకు చదివి వినిపించండి. పెద్దమనుషులను నేను తక్కువ చెయ్యడం లేదు. రెండు ఊళ్ళవాళ్ళూ కూర్చుని, పోలీస్‌స్టేషన్ గడప తొక్కనివ్వకుండా, బంగారం తిరిగి ఇప్పించి, డబ్బు ఇప్పించి, పిల్లను తల్లి దగ్గర ఉంచారు. అదే తగవు కోర్టులో మొదలై ఉంటే బంగారం కోసమే ఏళ్ళు పట్టేది. వాళ్ళు తీర్చిన తగవును ఇప్పుడు కోర్టు చేత ఖాయం చేయించుకుంటున్నాం. ఇందులో వాళ్ళ మాట కాదనడం ఎక్కడుంది? నిజానికి ఆ పెద్దల్లో ఒకరిని వెంటబెట్టుకుని మావయ్యగారింటికి వెళ్ళి, "అబ్బాయికీ డిక్రీ కావాలి, అమ్మాయికీ కావాలి, కలిసి వేద్దాం" అని చెప్పించడమే అన్నిటికంటే దగ్గర దారి. డిక్రీ లేకుండా పెళ్ళి చేసుకుంటే కేసులో ఇరుక్కునేది ఆయన కూడా. ఆ సంగతి మర్యాదగా చెబితే చాలు. బెదిరింపు మాటలు వద్దు.

ఆయన ఒప్పుకోకపోతే? అప్పుడు మీరొక్కరే 13వ సెక్షన్ కింద కేసు వెయ్యాలి. రెండేళ్ళు వదిలేసి వెళ్ళిపోవడం, క్రూరత్వం లాంటి కారణాలు అందులో ఉన్నాయి. మీ కాగితం ఇక్కడ కూడా అడ్డొస్తుంది. నా ఇష్టం లేకుండా వదిలేశాడని చెబితేనే ఆ మొదటి కారణం నిలుస్తుంది, మీరేమో ఇష్టపడే విడిపోయామని రాసిచ్చారు. కాబట్టి కాపురంలో అసలేం జరిగిందో, ఏ ఇబ్బందులు పడ్డారో లాయరుకు దాచకుండా చెప్పాలి. ఉత్తరంలో "పొసగక" అన్న ఒక్క మాటతో వదిలేశారు. కొట్టడం, తిట్టడం, డబ్బు కోసం వేధించడం లాంటివి ఉంటే అవన్నీ చెప్పండి. ఇలాంటి కేసుకు ఎక్కువ కాలం పడుతుంది. పదో సెక్షన్ కింద కోర్టు ద్వారానే విడిగా ఉండే ఉత్తర్వు తీసుకోవడం అనే పద్ధతి కూడా ఉంది కానీ, దానితో పెళ్ళి రద్దు కాదు. ఏడాది తర్వాత మళ్ళీ విడాకులకు వెళ్ళాల్సిందే. మీలా మళ్ళీ పెళ్ళి ఆలోచన ఉన్నవారికి అది చుట్టుదారి.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఒక మాట. చర్చిలో క్రైస్తవ పద్ధతిలో పెళ్ళి చేసుకున్నవాళ్ళకు వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నవాళ్ళకు ఆ చట్టమే. ముస్లింల పద్ధతి వేరు. పైన రాసిన సెక్షన్లన్నీ వాళ్ళకు అలాగే వర్తించవు.

లాయరు ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. మీ దగ్గరి కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయ సేవా కమిటీ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. పాప ఖర్చులు, డబ్బు లెక్కలు లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు, అక్కడిచ్చే అవార్డుకు, అంటే తీర్పుకు, డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. విడాకులు మాత్రం కోర్టే ఇవ్వాలి. వెళ్ళేటప్పుడు పెళ్ళి శుభలేఖ, పెళ్ళి ఫోటోలు, ఇద్దరి ఆధార్ కాపీలు, పాప జనన ధ్రువపత్రం, 3 లక్షలు ముట్టినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకెళ్ళండి. స్టాంపు కాగితం ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకుని జిరాక్సే ఇవ్వండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. పరస్పర అంగీకారం కేసులో డిక్రీ వచ్చే నిమిషం దాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు, సుప్రీంకోర్టు 1991లోనే ఆ మాట చెప్పింది. అందుకే రావాల్సిన డబ్బులో కొంత మొదటి పిటిషన్ రోజు, మిగతాది డిక్రీ ఇచ్చే రోజు, జడ్జిగారి ముందే డీడీ రూపంలో తీసుకునేలా ఒప్పందంలో రాయించండి. పాప డిపాజిట్ రశీదు కూడా ఆ రోజుకే చూపించమనండి. తర్వాత పంపిస్తామన్న మాటకు ఒప్పుకోకండి.

ఆయన సంక్రాంతికి వస్తున్నారన్నారు కదా, ఆ సెలవులోనే పని మొదలుపెట్టాలి. కోర్టులకు కూడా పండగ సెలవులుంటాయి. కాబట్టి పండగకు ముందే లాయరును కలిసి, పిటిషన్, ఒప్పందం చిత్తుప్రతి సిద్ధం చేయించి, వాట్సాప్‌లో ఆయనకు పంపి చదువుకోమనండి. మార్పులేమైనా ఉంటే ఫోన్లోనే తేల్చుకోండి. ఆయన విమానం దిగాక సంతకాలు, కోర్టు తెరవగానే పిటిషన్. మొదటిసారి ఆయన స్వయంగా జడ్జిగారి ముందుకు వస్తే మంచిది. రెండోసారికి సెలవు దొరక్కపోతే వీడియో కాన్ఫరెన్స్ ద్వారా, లేదా తల్లిదండ్రులో తోబుట్టువులో ఆయన తరఫున వచ్చి చెప్పేలా కోర్టు అనుమతించవచ్చు. పైన చెప్పిన అమర్‌దీప్ సింగ్ కేసు తీర్పులోనే ఈ వీలు ఉంది. ఆయన తిరిగి కువైట్ వెళ్ళేలోగా అందుకు కావాల్సిన జీపీఏ (తన తరఫున పని చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే) కాగితాల మీద కూడా సంతకాలు చేయించుకోమని మీ లాయరుకు ఇప్పుడే చెప్పి ఉంచండి.